అన్నం ఎంత, కూర ఎంత?

ఇంటి వంట – ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఏది మానేయాలి?" అనే అడిగాయి. మన ఇళ్లలో వండుకునే పప్పు, కూర, పులుసు, పెరుగు చాలా మంచి భోజనమని నా నమ్మకం. అందుకే మానేయడం గురించి తక్కువగా, కొలతల గురించి ఎక్కువగా రాశాను.

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. ఈమధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రక్తంలో మూడు నెలల సగటు చక్కెర) 6.2 వచ్చింది. ఇప్పుడే మందులు అక్కర్లేదు, అన్నం తగ్గించండి అని డాక్టరు గారు చెప్పారు. మా ఇంట్లో అన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. మధ్యాహ్నానికీ రాత్రికీ కలిపి మా ఇద్దరికి కుక్కర్ కప్పుతో నాలుగు కప్పుల బియ్యం పోస్తాను. అరకిలో కూరగాయలతో చేసిన కూర రెండు పూటలకూ వస్తుంది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో ఉంటుంది. అన్నం పూర్తిగా మానేసి కొర్రలు, రాగి జావ మొదలుపెట్టమని తెలిసినవాళ్లంతా చెబుతున్నారు. మానేయమంటారా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: మానేయవద్దమ్మా. మీరు కొలతలతో సహా రాశారు కాబట్టి సమస్య ఎక్కడుందో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. నాలుగు కప్పులంటే 600 గ్రాములు, అంటే మనిషికి 300 గ్రాములు. పొద్దున తిన్న ఇడ్లీ, ఉప్మా దీనికి అదనం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమయ్యే మనిషి పళ్లెం ఎలా ఉండాలో లెక్క కట్టి చూపించింది. దాని ప్రకారం అన్ని పూటలకూ కలిపి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ఇప్పుడు మీ ఇంటి పళ్లెం చూడండి. ధాన్యం 300 గ్రాములు దాటింది, కూరగాయలు మాత్రం మనిషికి 250 గ్రాముల దగ్గరే ఆగిపోయాయి. మీ వారి పళ్లెంలో అన్నం ఉండటం తప్పు కాదు, దాని పక్కన కూర చాలకపోవడమే లోపం.

మన ఇళ్లలో కూరను నంజుకునే వస్తువుగానే చూడటం అలవాటైపోయింది. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, ఓ మూల రెండు చెంచాల కూర వేసుకుని, ఆ కూర రుచితో అన్నమంతా లాగించేస్తాం. ఈ వరసను తిరగేయడమే మీరు చేయవలసిన పని. బియ్యం రెండు పూటలకూ ఇద్దరికీ కలిపి రెండు కప్పులు పోయండి. మనిషికి పూటకు 75 గ్రాముల బియ్యం వస్తాయి, అవి ఉడికితే దాదాపు 200 గ్రాముల అన్నం అవుతుంది. పొద్దుటి టిఫినుకు ఇంకో 100 గ్రాముల ధాన్యం మిగులుతుంది. కూరగాయలు అరకిలో నుంచి 800 గ్రాములకు పెంచండి. వేపుడు, పులుసు, పచ్చడి, పప్పులో వేసే ఆనిగెపుకాయ, ఆకుకూర, పచ్చిగా తినే దోసకాయ, క్యారెట్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఆలుగడ్డ, చేమగడ్డ మాత్రం అన్నం లెక్కలో వేయండి, వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. వడ్డించేటప్పుడు ముందుగా కూర, పప్పు పళ్లెంలో సగానికి పైగా పెట్టి, మిగిలిన చోట అన్నం పెట్టండి. మొదటి వారం మీ వారికి వెలితిగా అనిపిస్తుంది, అది నిజమే. ఆ వెలితిని పప్పుతో తీర్చండి. పప్పును నీళ్లలా కాకుండా గట్టిగా వండితే కడుపు నిండుతుంది, ఆకలి కూడా ఆలస్యంగా వేస్తుంది.

ఇక కొర్రలు, సామలు, అరికల సంగతి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఇవి ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. వీటిలో పీచు ఎక్కువ, మంచి ఆహారమే. అయితే ఇవీ పిండిపదార్థమే, శక్తి కూడా ఇంచుమించు బియ్యమంతే ఇస్తాయి. కొర్రన్నమని రెండు గిన్నెలు తింటే చక్కెర తగ్గదు. బాగా పాలిష్ చేసి తెల్లగా మెరిసే కొర్రలు కొంటే ఆ పీచు కూడా మిగలదు. రాగి జావ విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. మెత్తగా పట్టించిన పిండిని పల్చగా కాచి తాగితే అది త్వరగా జీర్ణమై, రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. ఎముకలకు రాగి చాలా మేలు చేస్తుంది కాబట్టి మానవద్దు, జావకు బదులు రొట్టెగానో గట్టి సంగటిగానో చేసి, పక్కన ఆకుకూర పప్పు పెట్టండి.

రాత్రి పూట అన్నానికి బదులు జొన్నరొట్టె పెట్టగలిగితే నాకు మరీ సంతోషం. రొట్టె విరిగిపోతోందని చాలామంది వదిలేస్తుంటారు, ఎందుకంటే జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. పిండి కొత్తగా పట్టించినదై ఉండాలి, పాతబడితే విరగడమే కాక చేదు కూడా వస్తుంది. ఒక కప్పు పిండిలో మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి మూత పెట్టి, చేయి పట్టేంత వేడి తగ్గాక అరచేత్తో నొక్కి నొక్కి ఐదు నిమిషాలు మెదపండి. ఒక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని మిగతాది తడిబట్ట కింద ఉంచండి. పొడిపిండి చల్లిన పీట మీద తడుతూ, అంచు పగిలినచోట వేలితో అదిమి కలుపుకుంటూ పెద్దది చేయండి. పెనం మీద వేయగానే తడిబట్టతో పైభాగమంతా నీళ్లు అద్దండి. ఆ తడి ఆరుతుండగా తిప్పితే రొట్టె పొంగుతుంది. నాలుగు రోజుల్లో చేయి తిరుగుతుంది.

రాత్రి భోజనమయ్యాక ఇద్దరూ కలిసి పదిహేను నిమిషాలు నడవండి. తిన్న తర్వాత నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి, అది ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. మీ వారు మందులు వాడటం లేదు కాబట్టి ఈ మార్పు ధైర్యంగా చేయవచ్చు. ఈ జవాబు చదివే వారిలో ఎవరైనా చక్కెర మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం, ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గిస్తే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు గారితో మాట్లాడి, మందు మోతాదు చూసుకున్నాకే తగ్గించాలి.

ప్రశ్న: నా వయసు 34. హిమోగ్లోబిన్ 9.4 ఉంది. ఏడాదిగా రోజూ ఏదో ఒక ఆకుకూర తింటున్నాను, పొద్దున బీట్‌రూట్ రసం తాగుతున్నాను. అయినా పెరగడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ శ్రద్ధకు తగిన ఫలితం రాకపోవడం చూస్తే బాధగా ఉంది. ఇది మీ ఒక్కరి కష్టం కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 9.4 అంటే ఒక్క తిండితో పూడ్చుకోగలిగిన లోటు కాదు. ముందుగా డాక్టరును కలిసి కారణం తెలుసుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండటం, కడుపులో నులిపురుగులు, బీ12 లోపం, థైరాయిడ్ వంటివి ఉంటే ఎంత ఆకుకూర తిన్నా చాలదు. ఇనుము మాత్రలు రాస్తే మొహమాటపడకుండా వాడండి.

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మన వాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ ఎరుపు దాని సహజమైన రంగు మాత్రమే, ఇనుముకూ దానికీ సంబంధం లేదు. అందులో ఇనుము కొద్దిగానే ఉంటుంది. ఆ రసం తీసే శ్రమను మరోచోట పెట్టండి.

ఆకుకూరల్లో ఇనుము ఉన్నా, అది మన ఒంటికి పట్టేది కొంతే. ఆ కొంతను పెంచుకోవడం, తగ్గించుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. మీరు ఉత్తరంలో రాయలేదు కానీ, టిఫిన్ అవగానే చాయ్ తాగే అలవాటు ఉంటే ముందు దాన్ని మార్చండి. చాయ్, కాఫీల్లోని టానిన్లు ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వాటిని తాగకూడదని జాతీయ పోషకాహార సంస్థ కూడా సూచించింది. మన హైదరాబాదులో ఇది కష్టమైన మాటే, నాకు తెలుసు. పదకొండింటికి తాగండి, సాయంత్రం నాలుగింటికి తాగండి, టిఫిన్ పళ్లెం పక్కన మాత్రం వద్దు. ఇనుము మాత్ర వేసుకునేటప్పుడు కూడా పాలు, చాయ్, కాల్షియం మాత్ర దగ్గరలో ఉండకూడదు.

రెండోది పులుపు. విటమిన్ సీ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, కానీ వేడికి నశిస్తుంది. అందుకే తోటకూర పప్పు దించాక, పళ్లెంలో వడ్డించినప్పుడు నిమ్మచెక్క పిండుకోండి. భోజనం చివర ఒక జామకాయ ముక్క తిన్నా అంతే మేలు. రోజూ పాలకూరే కొనకండి. అందులోని ఆక్సలేట్లు ఖనిజాలను కొంత అడ్డుకుంటాయి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతుబజార్లలో పొద్దున్నే వెళ్తే తోటకూర, పుంటికూర, మెంతికూర, పొన్నగంటికూర, కాలాన్ని బట్టి గంగవాయిలికూర, అప్పుడప్పుడు చింతచిగురు కూడా దొరుకుతాయి. ఆకును ముందు కడిగి తర్వాత తరగండి. తరిగాక నీళ్లలో నానబెడితే ఆ నీళ్లు పచ్చబడటం మీరు గమనించే ఉంటారు, పోషకాలు కొన్ని ఆ నీళ్లతోనే పోతాయి. పులుసు కూరలు ఇనుప మూకుడులో వండితే, పులుపు వల్ల కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండాక అందులోనే ఉంచేయకుండా వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే కూర నల్లబడి లోహపు రుచి వస్తుంది. మాంసం తినేవారైతే వారానికి ఒకటి రెండుసార్లు తినండి. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని దానికంటే బాగా ఒంటికి పడుతుంది.

ప్రశ్న: మేము నలుగురం, అందరూ పెద్దవాళ్లమే. నెలకు ఐదు లీటర్ల నూనె డబ్బా అయిపోతుంది. పల్లీనూనె మంచిదా, పొద్దుతిరుగుడు నూనెనా, గానుగ నూనెనా? గుండెకు ఏది మంచిదో చెప్పండి.
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఏ నూనె అన్న ప్రశ్న కంటే ఎంత నూనె అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. నేను పైన చెప్పిన పళ్లెం లెక్కలో నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి ముప్పై రోజులకు దాదాపు మూడుంపావు కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. అందులోంచి నెయ్యి తీసేస్తే నూనె మూడు లీటర్లకు మించకూడదు. బయట తినే మిర్చి బజ్జీ, సమోసా, బిర్యానీల నూనె ఈ డబ్బాలో కనబడదు కాబట్టి, నిజానికి మీ ఇంట్లో ఐదు లీటర్ల కంటే ఎక్కువే లోపలికి వెళ్తోంది. ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలో కేలరీలే. గానుగలో ఆడించినా అంతే.

పల్లీ, నువ్వుల, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలలో కొవ్వుల పాళ్లు వేరువేరుగా ఉంటాయి. ఒకదాన్నే పట్టుకుని ఉండకుండా రెండింటిని మార్చి మార్చి వాడుకోండి. వనస్పతి జోలికి వెళ్లవద్దు. పండుగకు గారెలు చేసి మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం మానండి. అలా కాగుతున్న కొద్దీ హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు వస్తోందంటే పారబోయవలసిందే.

తగ్గించే మార్గం కావాలంటే ఒకటో తారీఖున మూడు లీటర్లు కొలిచి వేరే డబ్బాలో పోసుకుని, నెలంతా అదే వాడండి. పొయ్యి పక్కన డబ్బా ఉంచి వంచుకునే బదులు చిన్న చెంచా ఉంచండి. చిన్న చెంచా అంటే సుమారు ఐదు గ్రాములు. పోపుకు రెండు చెంచాలు చాలు. చెంచాతో కొలవడం మొదలుపెట్టిన వారంలోనే, చేత్తో వంచినప్పుడు ఎంత పడేదో మీకే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నూనె తాగేది వంకాయ, దాని కండ దూదిలా ఉంటుంది మరి. బగారా బైంగన్, గుత్తివంకాయ మానమని చెప్పడానికి నాకు మనసు రాదు. కాయలను నాలుగు పక్షాలుగా చీరి, ఉప్పు రాసి, ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉంచండి. లోపలి ఖాళీలు ఆవిరికి కుంగిపోయి, తర్వాత నూనె పీల్చవు. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి రుబ్బిన ముద్దలో ఎలాగూ బోలెడు నూనె ఉంది. దాన్ని రెండు చెంచాల నూనెలో వేసి, సన్నటి సెగ మీద ఓపికగా కలుపుతూ ఉంటే ముద్దలోని నూనే అంచుల వెంట పైకి తేలుతుంది. చింతపండు రసం అప్పుడు పోయండి. మసాలా వేగిందనడానికి గుర్తు నూనె తేలడమేనని మన పెద్దవాళ్లు చెప్పింది సరైనదే. ఆ తేలే నూనె డబ్బాలోంచే రావాలని లేదు.

ప్రశ్న: మా అత్తగారు ఎండాకాలం వస్తే సద్దన్నం తినమంటారు. రాత్రి మిగిలిన అన్నం విషమని మా అబ్బాయి అంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది, ఎందుకంటే ఇద్దరూ చెబుతున్నది వేరువేరు అన్నాల గురించి. వండిన అన్నాన్ని కుక్కర్‌లోనే మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే, వండినా చావని కొన్ని బాక్టీరియా బీజాలు ఆ గోరువెచ్చదనంలో పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి. పొద్దున ఆ అన్నాన్ని ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. మీ అబ్బాయి భయం దాని గురించి. మీ అత్తగారి సద్దన్నం అది కాదు. అన్నం వండిన గంటలోపే ఆరబెట్టి, శుభ్రమైన గిన్నెలోకి తీసి, మునిగేదాకా మంచినీళ్లు పోసి, గరిటెడు పుల్ల మజ్జిగ కలిపి ఉంచాలి. మజ్జిగ పులుపు చెడు బాక్టీరియాను అదుపులో ఉంచుతుంది. పొద్దున ఎనిమిది లోపు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో తినేయండి, మధ్యాహ్నానికి ఉంచవద్దు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో రాత్రులు కూడా వేడిగా ఉంటాయి కాబట్టి, ఇల్లు మరీ ఉక్కగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడమే క్షేమం. జిగురుగా సాగినా, కమ్మటి పులుపు వాసనకు బదులు వేరే వాసన వచ్చినా పారేయండి. గర్భిణులకు, పసిపిల్లలకు, కాన్సర్ వంటి జబ్బులకు చికిత్స తీసుకుంటున్న వారికి మాత్రం వేడి అన్నమే పెట్టండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల మా పాప లంచ్ బాక్స్ సగం తిని తెస్తుంది. నూడుల్స్ అయితే ఖాళీ చేస్తుంది.
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: పిల్లలకు బళ్లో తినడానికి దొరికే సమయం చాలా తక్కువ. కలుపుకుని తినే అన్నం కూరలు అందులో పూర్తి కావు. చేత్తో పట్టుకుని కొరుక్కునేవి పెట్టండి. చుట్టిన పెసరట్టు, చిన్న చిన్న ముక్కలుగా కోసిన సర్వపిండి, ఉడికించిన గుడ్డు, పల్లీ చట్నీ రాసిన చపాతీ చుట్ట బాగుంటాయి. చెంచాతో తినడం ఇష్టమైతే మన హైదరాబాదీ కిచిడీని మించింది లేదు. బియ్యం, ఎర్రపప్పు కలిపి వండటం ఊరికే పుట్టిన అలవాటు కాదు. బియ్యంలోని మాంసకృత్తులకు ఉన్న లోటును పప్పు, పప్పులోని లోటును బియ్యం పూడ్చుతాయి. పక్కన నువ్వుల ఖట్టా కాస్త చిక్కగా చేసి చిన్న డబ్బాలో పోయండి. ఆదివారం రోజు పాపను వెంట తీసుకెళ్లి కూరగాయలు తననే ఏరనివ్వండి. తాను ఏరుకున్న బెండకాయలను తినే పిల్లలను నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: నాకు బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. రంజాన్ నెలలో హలీమ్ తినవచ్చా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: తినవచ్చు, తరచుగా కాదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీమ్‌లో గోధుమలు, పప్పులు, మాంసం గంటల తరబడి ఉడికి, గోటంతో మెదిగి ఒకటైపోతాయి. మీకు సమస్య వాటికంటే ఎక్కువగా పైన పోసే నెయ్యితో, వేయించిన ఉల్లిగడ్డతో, ఉప్పుతో. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు మించకూడదు, అంటే ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువే. కాబట్టి హలీమ్ తినే రోజు పచ్చడి, అప్పడం పళ్లెంలో ఉండకూడదు. సాయంత్రం చిరుతిండిగా తిని, రాత్రి మళ్లీ భోజనం చేయవద్దు, అదే రాత్రి భోజనం అనుకోండి. చిన్న ప్లేటు తెచ్చుకుని, ఇంట్లో ఇద్దరు పంచుకుని, పైన తేలిన నెయ్యిని చెంచాతో తీసేసి, నిమ్మచెక్క, పుదీనా, గిన్నెడు దోసకాయ ముక్కలతో తినండి. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉండి కాళ్ల వేళ్లు వాచే ఇబ్బంది కూడా ఉంటే, మీ డాక్టరును అడిగాకే తినాలి.